రాయ్ కాసిల్ బూట్ల చప్పుడు

మేము ఇంగ్లండ్ వెళ్ళింది 1978 నవంబరులో. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. నాన్న ఏడాది ముందే వెళ్ళి, యార్క్‌షైర్‌లో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో డాక్టరుగా చేరారు. అది ఉన్ని బట్టల మిల్లులున్న ఊరు. రాతి ఇళ్ళన్నీ ఏళ్ళ తరబడి పొగ పట్టి నల్లగా ఉండేవి. చలికాలం సాయంత్రం నాలుగు కొట్టేసరికి చీకటి పడిపోయేది. ఒంగోల్లో కాన్వెంటులో చదివాను కదా, ఇంగ్లీషు వచ్చులే అన్న ధైర్యంతో వెళ్ళాను. తీరా చూస్తే క్లాసులో పిల్లలు మాట్లాడేది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మొదటి నెలంతా ఎవరితోనూ మాట్లాడకుండానే గడిపాను.

ఇంటికి రాగానే టీవీ ముందు కూర్చునేదాన్ని. బీబీసీలో పిల్లల కోసం ‘రికార్డ్ బ్రేకర్స్’ అని ఒక కార్యక్రమం వచ్చేది. ప్రపంచంలో అందరికంటే పొడుగు మనిషి, అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయ, ఇలాంటివన్నీ చూపించేవాళ్ళు. నారిస్ మక్‌వర్టర్ అని గిన్నిస్ పుస్తకం తయారుచేసే పెద్దమనిషి వచ్చి కూర్చుంటే, పిల్లలు ఏ రికార్డు గురించి అడిగినా ఆయన పుస్తకం చూడకుండా జవాబు చెప్పేవారు. వీటన్నిటి మధ్య గెంతుతూ, నవ్వుతూ, బాకా ఊదుతూ తిరిగే మనిషే రాయ్ కాసిల్. కార్యక్రమం చివర్లో పట్టుదల ఉంటే చాలు అనే అర్థం వచ్చే పాట ఒకటి తనే పాడేవారు. బాకా అంటున్నాను గానీ అది ట్రంపెట్. మా ఇంట్లో దానికి తమ్ముడు పెట్టిన పేరే ఉండిపోయింది.

ఆయన మాట నాకు తొందరగా అర్థమైంది. టీవీలో వార్తలు చదివేవాళ్ళలా కాకుండా ఆయన మాటలో ఆ ఊరి యాస వినిపించేది. పాలు పోసే అతనూ, బస్సు కండక్టరూ, మా టీచరూ మాట్లాడే మాట అదే. టీవీలో ఆయన నెమ్మదిగా, నవ్వుతూ, చేతులు ఊపుతూ అవే మాటలు అంటుంటే నా చెవి ఆ యాసకు అలవాటు పడింది. రెండు మూడు నెలలకల్లా నేనూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టాను. ఉత్తరాన మిల్లు ఊళ్ళ ఇంగ్లీషు నాకు ముందు నేర్పింది రాయ్ కాసిలే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయనది మాకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరే. హోమ్‌ఫర్త్ దగ్గర కొండ మీద స్కోల్స్ అనే పల్లె. 1932 ఆగస్టు 31న అక్కడే పుట్టారు. ఈ సంగతి చెప్పింది మా పక్కింటి పెద్దావిడ. అప్పటికే ఆవిడకి డెబ్భై దాటాయి. మిల్లులో పనిచేసి రిటైరయ్యారు, ఒంటరిగా ఉండేవారు. అమ్మ కూర పంపిస్తే గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని కేకు ముక్క పెట్టి పంపేవారు. రాయ్ కాసిల్ పేరెత్తితే ఆవిడ ‘మన రాయ్’ అనేవారు. ఆవిడ ఆయన్ని ఇంటింటికీ టీవీ రాని రోజుల్లోనే స్టేజీ మీద చూశారు.

అప్పటి వెరైటీ థియేటర్ల గురించి నాకు మొదట చెప్పింది ఆవిడే. ఒక్క రాత్రికి రెండు ఆటలు. ఒక పాటగాడు, ఒక గారడీవాడు, సైకిల్ మీద విన్యాసాలు చేసే జంట, కుక్కల ఆట, మధ్యలో కామెడీ. ఒక్కొక్కళ్ళకీ పది, పన్నెండు నిమిషాలు. వారం రోజులు ఒక ఊళ్ళో, ఆదివారం రైలెక్కి ఇంకో ఊరికి. అంత తక్కువ టైములో జనాన్ని పట్టి కూర్చోబెట్టాలి, లేకపోతే గోల చేసి దించేస్తారు. రాయ్ కాసిల్ తయారైంది ఆ బడిలో. చిన్నప్పటి నుంచే టాప్ డాన్స్, అంటే బూట్లతో నేల మీద దరువు వేసే నాట్యం, నేర్చుకున్నారు. 1950లలో ఆ రంగంలోకి వెళ్ళి జిమ్మీ జేమ్స్ అనే పెద్ద కమెడియన్ దగ్గర చేరారు.

జిమ్మీ జేమ్స్ పక్కన ఇద్దరు ఉండేవాళ్ళు. మన బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ వంతలు ఉన్నట్టు అనుకోండి. ఒకరు ఈలై వుడ్స్, జేమ్స్ మేనల్లుడే, నత్తి నత్తిగా మాట్లాడే పాత్ర. రెండోవాడు రాయ్ కాసిల్. పెద్ద కోటు వేసుకుని, చంకలో అట్టపెట్టె పెట్టుకుని వచ్చే మనిషి. పక్కింటి పెద్దావిడ ఆ నాటకం మాకు ఆడి చూపించారు. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఆవిడ వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన నేనూ తమ్ముడూ స్టూళ్ళ మీద కూర్చున్నాం. ఆవిడ బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని, చనిపోయిన వాళ్ళాయన ఓవర్‌కోటు తొడుక్కుని తలుపు దగ్గర నుంచి నడిచి వచ్చారు. ముఖంలో నవ్వన్నది లేదు. నాకు పిచ్చని ఊరంతా చెబుతున్నది నువ్వేనా అని నన్ను అడిగారు. కాదన్నాను. కొంచెం సేపు నా వంక చూసి, ఆఫ్రికా వెళ్ళాననీ, అక్కడ రెండు సింహాలు ఇచ్చారనీ, మనుషుల్ని తినే రకమనీ చెప్పారు. అవి ఎక్కడున్నాయి అని తమ్ముడు అడిగాడు. ఆవిడ డబ్బా మీద తట్టి, ఇందులో, అన్నారు. తమ్ముడు నిజంగానే స్టూలు దిగి నా వెనక దాక్కున్నాడు. ఆ తర్వాత అదే డబ్బాలోకి జిరాఫీ కూడా వచ్చి చేరింది. మేము కడుపు పట్టుకుని నవ్వుతుంటే ఆవిడ మాత్రం ఒక్క కండరం కదపకుండా నిలబడ్డారు. చివర్లో కోటు తీసేస్తూ చెప్పారు, రాయ్ అప్పుడు ఇంతకంటే బిగించి నిలబడేవాడు, అందుకే మాకు ఇంకా నవ్వొచ్చేది, అని.

ఆవిడ మాట నేను పెద్దయ్యాక చాలాసార్లు గుర్తుచేసుకున్నాను. డాన్సు, ట్రంపెట్, పాట అన్నీ వచ్చిన కుర్రాడు, వాటిలో ఏదీ చూపించకుండా, పక్కవాడి నవ్వు కోసం మొహం బిగించి రోజుకు రెండు ఆటలు నిలబడటం తేలికైన పని కాదు. నేను ఆయన్ని గొప్పవాడు అనుకోవడానికి రికార్డుల కంటే ముందు చెప్పే కారణం ఇదే. 1958లో రాజకుటుంబం ముందు జరిగే రాయల్ వెరైటీ ప్రదర్శనలో చేశాక ఆయన పేరు దేశమంతా మోగింది. సినిమాలు వచ్చాయి. 1965లో నటుడు పీటర్ కుషింగ్‌తో ‘డాక్టర్ హూ అండ్ ది డాలెక్స్’, అదే ఏడాది ఒక దయ్యాల సినిమాలో ట్రంపెట్ వాయించే పాత్ర. 1968లో వచ్చిన ‘క్యారీ ఆన్ అప్ ది ఖైబర్’లో కెప్టెన్‌గా వేశారు. ఖైబర్ కనుమ అని చూపించింది వేల్స్ కొండల్ని. అందులో మనవాళ్ళని చూపించిన తీరు నాకు నచ్చలేదు, రాయ్ కాసిల్ ఉన్నా రెండోసారి చూడలేదు.

డాన్సు సంగతికి వస్తాను. టాప్ డాన్స్ బూట్లకు అడుగున మునివేళ్ళ దగ్గర ఒక లోహపు రేకు, మడమ దగ్గర ఒక రేకు ఉంటాయి. నేలే డప్పు, కాళ్ళే పుల్లలు. మా అత్తయ్య కూచిపూడి నేర్చుకునేటప్పుడు గజ్జెలు కట్టుకుని చేసిన సాధన చూశాను కాబట్టి అడుగుకీ చప్పుడుకీ ఉన్న సంబంధం నాకు కొత్త కాదు. కానీ ఈయన పైన చూస్తే ఏమీ ఎరగనట్టు నిలబడి నవ్వుతూ మాట్లాడతారు, కింద కాళ్ళు మాత్రం వేరే మనిషివి అన్నట్టు దరువు వేస్తుంటాయి. చూస్తుంటే ఆ చప్పుడు ఆ కాళ్ళ నుంచే వస్తోందా అని అనుమానం వచ్చేది.

1973 జనవరిలో ‘రికార్డ్ బ్రేకర్స్’ కార్యక్రమంలోనే ఆయన ఒక్క నిమిషంలో 1,440 దెబ్బలు వేసి ప్రపంచ రికార్డు పెట్టారు. అంటే సెకనుకు 24. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మలు తిరుగుతుందని నాన్న చెప్పారు. ఒక్కో బొమ్మకు ఒక్కో దెబ్బ అన్నమాట. అలాంటప్పుడు కంటికి ఏం కనబడుతుంది? విడివిడిగా దెబ్బలు కూడా వినబడవు, కుట్టు మిషను ఆపకుండా తొక్కినట్టు ఒకటే గరగర. నాలుగు నిమిషాల్లో ఒకే పాటను 43 వాయిద్యాల మీద వాయించిన రికార్డూ ఆయనదే. 1985 అక్టోబరు 31న లండన్‌లో మొదలుపెట్టి మర్నాటి దాకా ఆడి, 23 గంటల 44 నిమిషాల్లో పది లక్షల దెబ్బలు పూర్తిచేశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. ఆ ఏడాది నేను పదిహేనేళ్ళ పిల్లని. నోటుబుక్కులో లెక్క వేసుకున్నాను, సెకనుకు దాదాపు పన్నెండు. ఒక రాత్రీ ఒక పగలూ.

అంతకు ముందే, తొమ్మిదేళ్ళప్పుడు, నేను కూడా స్కూలు బూట్ల అడుగున డ్రాయింగ్ పిన్నులు గుచ్చుకుని వంటింట్లో ఆడాను. ఒక్కో బూటుకు ముందు ఆరు, వెనక నాలుగు. మొదట్లో బాగా టకటకమంది. అరగంట తర్వాత చూస్తే అద్దె ఇంటి లినోలియం మీద మశూచి వచ్చినట్టు గుంటలు. అమ్మ తిట్టిన తిట్లు అన్నీ ఇక్కడ రాయలేను. ఆ రాత్రి నాన్న పటకారు తీసుకుని సోఫాలో కూర్చుని ఒక్కో పిన్నూ పీకారు. నోట్లో సిగరెట్ ఉంది. పొగకు ఒక కన్ను మూసి, రెండో కంటితో బూటు చూస్తూ పీకారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చే రూపం అదే.

నాన్న రోజుకు ఒక పెట్టె కాల్చేవారు. డాక్టరు కదా అని ఇప్పుడు అడుగుతారు, అప్పుడు ఎవరూ అడిగేవారు కాదు. బస్సు పైఅంతస్తులో కాల్చేవాళ్ళు, సినిమా హాల్లో కాల్చేవాళ్ళు. రాయ్ కాసిల్ డాన్సు చూస్తున్నప్పుడు టీవీకీ నాకూ మధ్య నీలంగా ఒక పొర తేలుతూ ఉండేది. అది నాన్న పొగ.

మాకు పొగాకు పరాయిది కాదు. తాతయ్యది ఒంగోలు దగ్గర పల్లె, వర్జీనియా పొగాకు రైతు. వందేళ్ళ కిందటే చీరాలలో ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ పెట్టిన దగ్గర్నుంచి మా వైపు ఆ పంట పెరుగుతూ వచ్చింది. మా ఆకును కొన్న దేశాల్లో బ్రిటన్ ముఖ్యమైనది. ఆకు కొట్టే రోజుల్లో ఇంటిల్లిపాదీ పొలంలోనే. చేతులకు జిగురు అంటుకుని నల్లగా అయ్యేవి, అన్నం కలుపుకుంటే చేదు. కర్రలకు కట్టిన ఆకును బ్యారన్లోకి, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలోకి, ఎక్కించి మంట పెడితే ఐదారు రోజులు రాత్రింబగళ్ళు కాపలా. తాతయ్య మంచం బ్యారన్ పక్కకే మారేది. పచ్చి ఆకు పసుపు రంగుకు తిరిగేటప్పుడు వచ్చే వాసన తియ్యగా ఉంటుంది. నాకు ఇప్పటికీ ఇష్టమైన వాసన అది. నాన్న మెడిసిన్ చదివింది ఆ డబ్బుతో. మేము విమానం ఎక్కింది ఆ డబ్బుతో.

1986లో నాన్న ఇండియా వచ్చేయాలని నిర్ణయించుకున్నారు. పక్కింటి పెద్దావిడ వెళ్ళొస్తామన్న రోజున ఆ బిస్కెట్ల డబ్బా తమ్ముడి చేతిలో పెట్టారు. సింహాలు లోపలే ఉన్నాయి, జాగ్రత్త, అన్నారు. తర్వాత ఏడెనిమిదేళ్ళు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. 1990లో రాయ్ చిన్న విమానం రెక్క మీద కట్టుకుని నిలబడి ఇంగ్లీష్ ఛానల్ దాటాడని, మూడు గంటలకు పైగా ఆ గాలిలో ఉన్నాడని ఒక ఉత్తరంలో రాశారు. అక్షరాలు అప్పటికే వంకర పోయేవి.

1992లో వచ్చిన ఉత్తరం వేరు. రాయ్ కాసిల్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ ముక్క చదివి, ఆయన కూడా కాల్చేవారన్నమాట అనుకున్నాను. కింద ఆవిడే రాశారు, రాయ్ జన్మలో ఒక్క సిగరెట్ కాల్చలేదు అని.

మరి ఎలా వచ్చిందంటే, ఆయనే చెప్పారు. కుర్రతనం నుంచి జాజ్ క్లబ్బుల్లో, ఉత్తరాది కార్మికుల క్లబ్బుల్లో ట్రంపెట్ వాయించారు. కిటికీలు మూసిన గది, వంద మంది కాలుస్తుంటారు, స్టేజీ దగ్గరికి పొగంతా చేరుతుంది. ట్రంపెట్ ఊదేవాడు మామూలుగా గాలి పీల్చడు. కడుపు దాకా లాగి, పట్టి, వదలాలి. జనం వదిలిన పొగను ఆయన అందరికంటే లోతుగా లోపలికి తీసుకున్నారు. పక్కవాళ్ళ పొగ మనల్ని చంపుతుందన్న మాట అప్పట్లో చాలామంది కొట్టిపారేసేవాళ్ళు. ఊరూవాడా ఎరిగిన మనిషి, పిల్లలకు పట్టుదల గురించి పాడిన మనిషి, జుట్టు ఊడిన తలతో టీవీలోకి వచ్చి నేను కాల్చలేదు అని చెప్పేసరికి ఆ వాదన ఇంటింటికీ చేరింది.

చికిత్స తర్వాత కొన్నాళ్ళు తగ్గింది. 1993లో నటుడు హ్యారీ సీకోంబ్‌తో కలిసి చిచెస్టర్‌లో ‘పిక్‌విక్’ సంగీత నాటకంలో మళ్ళీ స్టేజీ ఎక్కారు. అదే ఏడాది ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ బిరుదు వచ్చింది. ఏడాది చివర్లో జబ్బు తిరగబెట్టింది. లివర్‌పూల్‌లో రే డానెల్లీ అనే సర్జన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ పరిశోధన కోసం నిధి పోగుచేస్తుంటే, 1994 జులైలో రాయ్ కాసిల్ నిలబడే ఓపిక లేకపోయినా ‘టూర్ ఆఫ్ హోప్’ పేరుతో దేశమంతా తిరిగారు. సెప్టెంబరు 2న పోయారు. 62వ పుట్టినరోజు వెళ్ళి రెండు రోజులు.

ఆ పేపర్ ముక్క కత్తిరించి పంపారు పెద్దావిడ. అది మాకు చేరేసరికి దసరా దగ్గర పడింది. నాన్న వరండాలో పడకకుర్చీలో కూర్చుని చదివారు. రెండుసార్లు చదివారు. వేళ్ళ మధ్య సిగరెట్ బూడిద పొడుగ్గా పెరిగి లుంగీ మీద రాలింది, దులుపుకోలేదు. ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి ఇంట్లో కాల్చడం మానేశారు. పూర్తిగా మానలేదు, ఆ మాట అబద్ధం చెప్పను. కాల్చాలంటే గేటు దాటి వేపచెట్టు కిందికి వెళ్ళేవారు. వాన పడుతుంటే గొడుగు వేసుకుని వెళ్ళేవారు. అమ్మ పరదాలన్నీ విప్పి ఉతికింది. మొదటి బకెట్ నీళ్ళు చిక్కటి టీ రంగులో వచ్చాయి, అవి నేనే పారబోశాను. సిగరెట్ పూర్తిగా మానడానికి ఆయనకు ఇంకో ఆరేళ్ళు పట్టింది.

రాయ్ కాసిల్ భార్య ఫియోనా ఆ తర్వాత ఏళ్ళ తరబడి, బయట నలుగురూ కూర్చునే చోట పొగ నిషేధించాలని తిరిగారు. ఆవిడా స్టేజీ మీద పనిచేసిన మనిషే. ఇద్దరికీ పరిచయం చేసింది కమెడియన్ ఎరిక్ మోర్కమ్ అట. 2007 జులై 1న ఇంగ్లండ్‌లో ఆ చట్టం అమల్లోకి వచ్చింది. పబ్బులు, క్లబ్బులు అన్నిటికీ. మరుసటి ఏడాది అక్టోబరు 2న మన దగ్గరా వచ్చింది. తాతయ్య అప్పటికి లేరు. మా పొలంలో చివరి బ్యారన్‌లో బాబాయి శనగ బస్తాలు పెట్టుకుంటున్నాడు. లోపలికి వెళ్తే గోడల్లోంచి ఆ తియ్యటి వాసన ఇంకా వస్తుంది.

నాన్నకిప్పుడు ఎనభై దాటాయి. ఈ మధ్య ఒక సాయంత్రం ఫోన్‌లో పాత నలుపు తెలుపు క్లిప్ ఒకటి దొరికితే ఆయనకు చూపించాను. జిమ్మీ జేమ్స్, నత్తి మేనల్లుడు, పెట్టె పట్టుకున్న కుర్రాడు. రాయ్ కాసిల్ అందులో ఎంత లేతగా ఉన్నారో! మా పెద్దావిడ చెప్పినట్టే మొహం బిగించి నిలబడ్డారు. జిమ్మీ జేమ్స్ చేతిలో సిగరెట్. ఒక మాట, ఒక దమ్ము, ఒక మాట, ఒక దమ్ము, ఆయన హాస్యానికి తాళం అదే. నాకు కళ్ళు ఆ పొగ మీదే ఉన్నాయి. అది ఎటు పోతోందా అని చూస్తున్నాను.

నాన్న సింహాల దగ్గర గట్టిగా నవ్వారు. నవ్వుతూ దగ్గారు, మంచినీళ్ళు ఇచ్చాను.

“ఆ పెట్టె కుర్రాడు మన రాయే కదూ?” అన్నారు.

“ఆయనే నాన్నా.”

“డాన్సు లేదా ఇందులో?”

ఇందులో లేదని చెప్పి, వెతికి, ఆయన టాప్ డాన్స్ చేసేది ఇంకొకటి పెట్టాను. సౌండు పెంచమన్నారు. కళ్ళు సరిగా కనబడవు, అందుకని ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. కాసేపటికి మంచం పట్టె మీద ఆయన వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి.